ఆ విజయం విద్యార్థిదా, కాలేజీదా?

బరాక్ ఒబామా 1979లో లాస్ ఏంజలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో చేరారు. రెండేళ్ళు చదివి, 1981లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి మారిపోయి, 1983లో అక్కడ డిగ్రీ అందుకున్నారు. ఇవాళ అమెరికాలో ప్రతి కాలేజీ బయటపెట్టే గ్రాడ్యుయేషన్ రేటు ఉంది కదా, ఆ లెక్కలో ఇలాంటి విద్యార్థి ఆక్సిడెంటల్‌కు చదువు పూర్తి చెయ్యని వాడి కింద వస్తాడు. చేరిన చోట డిగ్రీ తీసుకోలేదు కాబట్టి. అలాగని కొలంబియా ఖాతాలోనూ పడడు. మొదటి ఏడాది అక్కడ చేరలేదు కాబట్టి. చదువు పూర్తిచేసి దేశాధ్యక్షుడైన మనిషి కూడా ఏ కాలేజీ విజయాల జాబితాలోనూ ఉండడన్నమాట.

ఒక కాలేజీ విద్యార్థులు ఎలా రాణిస్తున్నారో చెప్పడానికి వాడే అంకెలన్నిటిలోనూ ఇలాంటి చిక్కులే ఉన్నాయి. ముప్ఫై వేల మంది చదివే యూనివర్సిటీలో ఇవి సగటులో కలిసిపోతాయి. వెయ్యిన్నర, రెండు వేల మంది ఉండే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అలా కలవవు. బ్యాచ్‌కు నాలుగు వందల మంది ఉన్నచోట నలుగురు మానేస్తే ఒక శాతం పడిపోతుంది. పిల్లల్ని ఇలాంటి కాలేజీలకు పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు మన దగ్గర ఈమధ్య కనిపిస్తున్నారు. వాళ్ళ మొదటి ప్రశ్న ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయనే. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దానికి వచ్చే జవాబును ఎలా చదవాలో తెలిసి ఉండాలి. ఈ వ్యాసం దాని గురించే.

ఈ కాలేజీల స్వరూపం తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. విలియమ్స్ 1793లో, ఆమ్‌హర్స్ట్ 1821లో, గ్రిన్నెల్ 1846లో, స్వార్త్‌మోర్ 1864లో మొదలయ్యాయి. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, చరిత్ర, సంగీతం అన్నీ ఒకే చోట చెబుతారు. ఉండేది దాదాపుగా డిగ్రీ విద్యార్థులే. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏమిటన్నది మామూలుగా రెండో ఏడాది చివరికి తేల్చుకోవాలి. క్లాసులో పదిహేను, ఇరవై మంది ఉంటారు, పాఠం చెప్పేది ప్రొఫెసరే. పీహెచ్‌డీ విద్యార్థులు లేరు కాబట్టి ల్యాబ్‌లో ప్రొఫెసర్‌కు చేదోడుగా ఉండేది కూడా డిగ్రీ పిల్లలే. అసలు కీలకం ఇక్కడే ఉంది.

అది ఎలా పనిచేస్తుందో గ్రిన్నెల్ కాలేజీలో చూడొచ్చు. అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు అది. 1940ల చివర్లో రాబర్ట్ నాయిస్ అనే కుర్రాడు అక్కడ ఫిజిక్స్, మ్యాథ్స్ చదువుతున్నాడు. 1948లో హాస్టల్ పార్టీ కోసమని స్నేహితుడితో కలిసి దగ్గర్లోని పొలం నుంచి ఒక పందిపిల్లను దొంగిలించాడు. మర్నాడు తనే వెళ్ళి తప్పు ఒప్పుకొని డబ్బు కడతానన్నాడు. ఆ పొలం ఆసామి ఊరి మేయరు. అయోవాలో పశువుల దొంగతనం పెద్ద నేరం. కాలేజీ నుంచి పూర్తిగా గెంటేసే పరిస్థితి వచ్చింది. ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ అడ్డుపడ్డాడు. ఇంత తెలివైన విద్యార్థిని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో సరిపెట్టారు. నాయిస్ న్యూయార్క్ వెళ్ళి ఒక బీమా కంపెనీలో లెక్కలు చేసి, 1949 జనవరిలో తిరిగొచ్చాడు.

అప్పటికి ట్రాన్సిస్టర్ పుట్టి ఏడాది దాటింది, అంతే. బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబర్‌లో తయారైన ఆ వస్తువును దేశంలో చాలా పెద్ద యూనివర్సిటీల వాళ్ళు కూడా ఇంకా చూడలేదు. గేల్ తనకున్న పరిచయాలతో దాన్ని గ్రిన్నెల్‌కు తెప్పించాడని చెబుతారు. పట్టుమని ఇరవై మంది కూడా లేని ఫిజిక్స్ మేజర్ల ముందు పెట్టి, అది ఎలా పనిచేస్తుందో వాళ్ళతో కలిసి తనూ నేర్చుకున్నాడు. ఆయన విద్యార్థి నాయిస్ తర్వాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే కంప్యూటర్ చిప్, కనిపెట్టిన వాళ్ళలో ఒకడయ్యాడు. 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ స్థాపించాడు.

ఇందులో కాలేజీ చేసిన పని ఏమిటి? నాయిస్ తెలివి నాయిస్‌దే. ఏ కాలేజీలో వేసినా అతను పైకొచ్చేవాడేమో. కానీ కుర్రాడు తప్పు చేసినప్పుడు అతని తరఫున నిలబడేంత దగ్గరగా తెలిసిన ఒక మాస్టారు ఉండటం, ఆయన చేతికి సరిగ్గా అప్పుడే ఒక కొత్త వస్తువు రావడం, దాన్ని నేరుగా విద్యార్థుల ముందు పెట్టడం, ఈ మూడూ చిన్న కాలేజీ ఇచ్చినవే. కథ అక్కడితో అయిపోలేదు. నాయిస్ తర్వాత గ్రిన్నెల్ ట్రస్టీగా వచ్చాడు. ఇంటెల్ మొదలవుతున్నప్పుడు కాలేజీ అందులో పెట్టుబడి పెట్టింది. గ్రిన్నెల్ దగ్గర ఇవాళ వందల కోట్ల డాలర్ల శాశ్వత నిధి ఉందంటే, దానికి పునాది వేసిన నిర్ణయాల్లో అదొకటి. విద్యార్థి విజయం తిరిగొచ్చి కాలేజీ విజయమైంది. ఆ నిధి ఇప్పుడు ఇంకో తరం పిల్లల ఫీజులు కడుతోంది.

నాయిస్‌ది ఒక్కడి కథే కదా అని అనుకోవచ్చు. 1970లో అదే గ్రిన్నెల్‌లో డిగ్రీ పూర్తిచేసిన థామస్ చెక్‌కు 1989లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆయన 1999లో రాసిన ఒక వ్యాసంలో ఈ విషయాన్నే లెక్క తీశారు. తర్వాతి కాలంలో సైన్స్ పీహెచ్‌డీ చేసే వాళ్ళు, డిగ్రీ ఇచ్చే కాలేజీలన్నిటి సగటుతో పోలిస్తే, లిబరల్ ఆర్ట్స్ కాలేజీల నుంచి వంద మందికి రెట్టింపు దాకా వస్తున్నారని ఆయన చూపించారు. స్వార్త్‌మోర్, రీడ్, కార్ల్‌టన్, హార్వీ మడ్ లాంటి చిన్న కాలేజీలు ఇలాంటి జాబితాల్లో కాల్టెక్, ఎంఐటీల పక్కన కనిపిస్తాయి. జన్యువులను సవరించే క్రిస్పర్ పరిశోధనకు 2020లో నోబెల్ అందుకున్న జెనిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో.

విత్తనం సంగతి

ఇక్కడే ఆగిపోతే కాలేజీ బ్రోషర్ చదివినట్టే. నల్లరేగడిలో పండిన పంటను చూపించి ఎరువు గొప్పదని చెబితే రైతెవరూ నమ్మడు. స్వార్త్‌మోర్, పొమోనా లాంటి చోట్ల అప్లై చేసిన వాళ్ళలో పదింట ఒకరికి కూడా సీటు రాదు. అంత వడపోతలో నిలిచిన పిల్లలు ఎక్కడున్నా బాగానే చదువుతారు.

తెలుగువాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇంటర్ ఫలితాలు, ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చిన రోజున టీవీల్లో ఊపిరాడకుండా వచ్చే ర్యాంకుల ప్రకటనలు మనందరం చూసినవే. పదో తరగతిలోనే మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, ఫీజు తగ్గించి, స్పెషల్ బ్యాచ్‌లో పెట్టి, వాళ్ళ ఫోటోలే వేస్తారు. అదే కాలేజీలో మామూలు సెక్షన్‌లో చేరిన పిల్లవాడు ఎంత మెరుగయ్యాడో ఆ ప్రకటన చెప్పదు. ఫీజు కట్టేది మాత్రం ఎక్కువగా ఆ మామూలు సెక్షన్ వాళ్ళే.

కాలేజీ పేరు వల్ల జీతం పెరుగుతుందా, లేక పెరిగే జీతమున్న పిల్లలే ఆ కాలేజీలో చేరతారా అన్నది ఎకనామిస్టులు స్టేసీ డేల్, అలాన్ క్రూగర్ చాలా తెలివిగా పరీక్షించారు. 1976లో కాలేజీల్లో చేరిన వాళ్ళ వివరాలు తీసుకున్నారు. ఒకే స్థాయి కాలేజీలకు అప్లై చేసి, ఒకే రకంగా సీట్లు తెచ్చుకున్న విద్యార్థులను పక్కపక్కన పెట్టారు. వాళ్ళలో కొందరు పెద్ద పేరున్న కాలేజీకి వెళ్ళారు, కొందరు సీటు వచ్చినా దాన్ని వదులుకొని అంత పేరు లేని కాలేజీకి వెళ్ళారు. ఏళ్ళ తర్వాత ఈ రెండు గుంపుల సంపాదన చూస్తే దాదాపు సమానంగానే ఉంది. పేరు పెద్దగా ఏమీ కలపలేదు.

ఒక మినహాయింపు తప్ప. పేద కుటుంబాల పిల్లలకు, ఆ తర్వాత 2011లో చేసిన పరిశీలన ప్రకారం తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు, మంచి కాలేజీ వల్ల నిజంగానే సంపాదన పెరిగింది. కలిగిన ఇళ్ళ పిల్లలకు ఎలాగూ ఉండే పరిచయాలు, ధైర్యం, సలహా చెప్పే బంధువులు, ఇవి లేని పిల్లలకు కాలేజీయే వాటిని ఇస్తుంది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం. ఒక కాలేజీ ఘనతను కొలవాలంటే, ఎవరికి దాని అవసరం ఎక్కువో వాళ్ళ దగ్గర కొలవాలి.

ఆ కొలతలో పేరున్న చాలా కాలేజీలు వెనకబడతాయి. ఎకనామిస్ట్ రాజ్ చెట్టి బృందం 2017లో పన్నుల రికార్డులు తీసి చూస్తే, దేశంలో 38 కాలేజీల్లో అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు, కింది 60 శాతం కుటుంబాల పిల్లలందరి కన్నా ఎక్కువమంది ఉన్నారని తేలింది. కోల్బీ, కొలరాడో కాలేజీ, ట్రినిటీ లాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ గ్రాడ్యుయేషన్ రేటు బాగుండటంలో ఆశ్చర్యం ఏముంది?

బెరియా

కెంటకీ రాష్ట్రంలో, అపలాచియన్ కొండల అంచున బెరియా అనే చిన్న ఊరుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించిన జాన్ ఫీ అనే పాస్టర్ 1855లో అక్కడ మొదలుపెట్టిన బడి బెరియా కాలేజీ అయింది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి చదివిన కాలేజీల్లో అమెరికా దక్షిణాదిన అదే మొదటిది. ఇది ఓర్వలేక 1904లో కెంటకీ ప్రభుత్వం రెండు జాతులూ ఒకచోట చదవకూడదని చట్టం చేసింది. కాలేజీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1908లో ఓడిపోయింది. ఆ చట్టం సడలడానికి 1950 దాకా పట్టింది. చట్టం రావడానికి ముందటి ఏడాది, 1903లో, అక్కడ డిగ్రీ తీసుకున్న కార్టర్ వుడ్‌సన్ తర్వాత నల్లజాతి చరిత్రను ఒక చదువుగా నిలబెట్టిన పండితుడయ్యాడు.

బెరియాలో 1892 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. ఎవరికీ లేదు. ఇప్పుడు వెయ్యిన్నర మంది దాకా చదువుతున్నారు. డబ్బున్న కుటుంబం పిల్లలకు అక్కడ సీటే ఇవ్వరు, ఆదాయం ఒక హద్దు లోపల ఉంటేనే అప్లికేషన్ చూస్తారు. ఎక్కువమంది అపలాచియన్ కొండ ప్రాంతాల పిల్లలు, వాళ్ళలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్ళు. చేరిన ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పని చెయ్యాలి. ఒకరు చీపుర్లు కడతారు. ఒకరు మగ్గం మీద నేస్తారు. ఒకరు వడ్రంగి పని, ఒకరు తోటపని, ఒకరు కంప్యూటర్ల మరమ్మతు. కాలేజీకి బూన్ టావెర్న్ అని 1909 నాటి హోటల్ ఉంది, అందులో పనిచేసే వాళ్ళలో విద్యార్థులు ఉంటారు. చీపురు కట్టడం డిగ్రీ చదువులో భాగమేమిటని మనకు అనిపించొచ్చు. కాలేజీ మాత్రం దాన్ని నామోషీగా చూడదు. పనిలో ఎలా ఉన్నారో సూపర్‌వైజర్ మదింపు రాస్తారు, అది రికార్డులోకి ఎక్కుతుంది. డిగ్రీ అయ్యేసరికి ప్రతి విద్యార్థి దగ్గరా మార్కులతో పాటు నాలుగేళ్ళ పని అనుభవం, తనను పనిలో చూసిన ఒక పెద్దమనిషి మాట ఉంటాయి. మొదటి ఉద్యోగానికి వెళ్ళే పిల్లల దగ్గర సాధారణంగా లేనివి అవే.

ఫీజు లేకుండా ఎలా నడుస్తుంది? బెరియా వందేళ్ళ కిందటే, 1920లో, ఒక క్రమశిక్షణ పెట్టుకుంది. షరతుల్లేకుండా వచ్చే వీలునామా విరాళాలను ఖర్చుపెట్టకుండా శాశ్వత నిధిలో వెయ్యాలని. ఆ నిధి వంద కోట్ల డాలర్లు దాటింది. ఖర్చులో సింహభాగం దాని రాబడి మీదే నడుస్తుంది. 2017లో అమెరికా ప్రభుత్వం పెద్ద నిధులున్న ప్రైవేటు కాలేజీల రాబడి మీద పన్ను వేసినప్పుడు బెరియా కూడా అందులో చిక్కుకుంది. ఫీజే తీసుకోని కాలేజీ మీద ఆ పన్నేమిటన్న వాదన గెలిచి, 2018 ఫిబ్రవరిలో, ఫీజు కట్టే విద్యార్థులను మాత్రమే లెక్కలోకి తీసుకునేలా చట్టంలో మాట మార్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బెరియా ఆరేళ్ళ గ్రాడ్యుయేషన్ రేటు అరవై శాతం పైచిలుకు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్‌లలో అది తొంభై శాతం పైన. పక్కపక్కన పెడితే బెరియా ఓడినట్టు కనిపిస్తుంది. కానీ బెరియాలో దాదాపు అందరూ ప్రభుత్వం పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంట్‌కు అర్హులైన వాళ్ళు. దేశం మొత్తం మీద ఆ పిల్లలు డిగ్రీ పూర్తిచేసే శాతం మిగతా వాళ్ళకన్నా బాగా తక్కువ. తండ్రికి జబ్బు చేస్తే చదువు మానేసి ఇంటికెళ్ళాల్సి వచ్చేది వాళ్ళే. కారు చెడిపోతే, పళ్ళ డాక్టరుకు డబ్బుల్లేకపోతే సెమిస్టర్ పోగొట్టుకునేది వాళ్ళే. ఈ పిల్లల మధ్య సాధించిన అరవైని, ఏ దారి చూసినా తలుపు తెరిచే ఉన్న ఇళ్ళ పిల్లల మధ్య వచ్చిన తొంభైతో పోల్చడం న్యాయం కాదు.

ఆ పిల్లల్ని నిలబెట్టడానికి బెరియా చేసే పనులు చిన్నచిన్నవే. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇస్తారు, డిగ్రీ అయ్యాక అది వాళ్ళదే. బిడ్డలున్న విద్యార్థులు కుటుంబంతో ఉండటానికి క్యాంపస్‌లో ఎకోవిలేజ్ అనే ఇళ్ళ సముదాయం, బిడ్డల్ని చూసుకునే కేంద్రం ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ తల్లి క్లాసుకు రావాలంటే ముందు బిడ్డను ఎక్కడ వదలాలో తేలాలి కదా. విద్యార్థి విజయం అన్న మాట ఆచరణలో చాలాసార్లు ఇలాంటి సౌకర్యాల దగ్గరే తేలుతుంది. 1937లో ఇక్కడ డిగ్రీ చేసిన జాన్ ఫెన్ 2002లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. బెరియా కూడా ఆ పేరు గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. ఆ పేరు కన్నా నాకు గొప్పగా అనిపించేది ప్రతి మే నెలలో అక్కడ పట్టా పట్టుకొని దిగే కొండ ప్రాంతపు పిల్లల వరస.

లోపల ఏం జరుగుతుంది

సరే, ఏ కాలేజీ అయినా లోపలికొచ్చిన విద్యార్థిని మార్చేది ఏది? న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కాలేజీలో సోషియాలజీ ప్రొఫెసర్ డేనియల్ చాంబ్లిస్ దాదాపు వంద మంది విద్యార్థులను చేరిన నాటి నుంచి డిగ్రీ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి వెంటాడి చూశారు. కొత్త కోర్సులు, సిలబస్ సంస్కరణల కన్నా మనుషుల మధ్య ఏర్పడే బంధాలే ఎక్కువ పనిచేశాయని ఆయనకు తేలింది. మొదటి సెమిస్టర్‌లో పరిచయ కోర్సు చెప్పిన మాస్టారు బాగుంటే ఆ సబ్జెక్టునే మేజర్‌గా ఎంచుకున్నారు. బాగోకపోతే ఆ దారే మూసుకుపోయింది. ప్రొఫెసర్ ఇంటికి ఒక్కసారైనా భోజనానికి వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా తమ కాలేజీ చదువు గురించి మిగతా వాళ్ళకన్నా సంతృప్తిగా చెప్పారు.

హాస్టల్ గదుల గురించి ఆయన చెప్పింది మన తల్లిదండ్రులకు మింగుడు పడకపోవచ్చు. అటాచ్డ్ బాత్‌రూమ్, సొంత వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ లాంటి గదుల కన్నా, పొడవాటి వరండా, అందరికీ ఉమ్మడి బాత్‌రూమ్ ఉన్న పాత హాస్టళ్ళే మొదటి ఏడాది పిల్లలకు మేలు చేశాయి. పళ్ళు తోముకునే చోట నలుగురు తారసపడతారు, స్నేహాలవుతాయి. స్నేహాలున్న పిల్లలు చదువు మధ్యలో వదిలెయ్యరు.

గాలప్ సంస్థ పర్డ్యూ యూనివర్సిటీతో కలిసి 2014లో 30 వేల మందికి పైగా డిగ్రీ చదివిన వాళ్ళను అడిగి చేసిన సర్వే కూడా ఇదే వైపు చూపిస్తుంది. నన్నొక మనిషిగా పట్టించుకున్న ప్రొఫెసర్, చదువు మీద ఇష్టం కలిగించిన మాస్టారు, నీ కలల వెంట వెళ్ళమని వెన్నుతట్టిన గురువు, ఈ ముగ్గురూ దొరికారని గట్టిగా చెప్పిన వాళ్ళు ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేసే అవకాశం రెట్టింపు పైన ఉంది. అలా చెప్పగలిగింది 14 శాతం మందే. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, ఎంత పేరున్నది అన్నవి పెద్ద తేడా చూపలేదు. అంటే చిన్న కాలేజీలో చేరినంత మాత్రాన ఇది దానంతట అదే జరగదు. జరిగే వీలు ఎక్కువ, అంతవరకే.

ఆ వీలును వాడుకోవడం కూడా అందరికీ రాదు. అమెరికాలో ప్రతి ప్రొఫెసర్‌కూ ఆఫీస్ అవర్స్ ఉంటాయి, విద్యార్థులు వచ్చి ఏదైనా అడగడానికి కేటాయించిన సమయం. చదువుకున్న ఇంటి పిల్లలు మొదటి వారంలోనే వెళ్ళి కూర్చుంటారు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లలు, ఆ సమయంలో సార్ పనిలో ఉంటారు, ఇబ్బంది పెట్టకూడదు అనుకుంటారు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర తటపటాయించిన మనవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మంచి చిన్న కాలేజీ ఆ పిల్లవాడు రాలేదని గమనించి పిలుస్తుంది.

ఉద్యోగం, జీతం

డిగ్రీ అయిన ఆరు నెలల్లో 95 శాతం మందికి ఉద్యోగమో పై చదువో ఖాయమైందని కాలేజీలు చెబుతుంటాయి. అబద్ధం కాకపోవచ్చు. అడగాల్సింది, ఎంతమంది వివరాలు తెలిశాయి అని. దీన్ని అక్కడ నాలెడ్జ్ రేటు అంటారు. బ్యాచ్‌లో 65 శాతం మంది సంగతి తెలిస్తే చాలునన్నది ఈ సర్వేలకు ప్రమాణాలు పెట్టే సంఘం సూచన. మిగిలిన 35 శాతంలో ఉద్యోగం రాక ఫోన్ ఎత్తని వాళ్ళే ఎక్కువ ఉండొచ్చు. ఉద్యోగం అన్నదాంట్లో కాఫీ షాపు పని కూడా కలిసి ఉండొచ్చు.

అమెరికా ప్రభుత్వపు కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్‌లో జీతాలు కనిపిస్తాయి. పన్ను రికార్డుల నుంచి తీసినవి కాబట్టి కాలేజీ చెప్పుకునే అంకెలకన్నా నమ్మదగినవి. కానీ అందులో ఉండేది ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకున్న విద్యార్థులే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళే విద్యార్థికి ఆ సాయం ఉండదు, కాబట్టి వాళ్ళు ఆ లెక్కలోనే లేరు. మన పిల్లల ఉద్యోగావకాశాలకు వీసా నిబంధనలు అడ్డుపడతాయి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివిన వాళ్ళకు డిగ్రీ తర్వాత ఏడాది పని అనుమతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) సబ్జెక్టయితే ఇంకో రెండేళ్ళు. అందుకే చాలా కాలేజీలు ఎకనామిక్స్ మేజర్‌ను, ప్రభుత్వ సబ్జెక్టుల జాబితాలో స్టెమ్ కింద వచ్చే క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్‌లోకి మార్చాయి. పంపబోయే కాలేజీలో ఆ మేజర్ ఏ కోడ్ కింద ఉందో ఒక్క ఈమెయిల్‌తో తెలుసుకోవచ్చు.

జీతాల్లో ఇంకో మెలిక కాలం. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో లిబరల్ ఆర్ట్స్ కాలేజీల చదువు మీద పెట్టిన డబ్బుకు రాబడి లెక్క కట్టారు. పదేళ్ళకు చూస్తే మధ్యస్థంగా 62 వేల డాలర్లు. అన్ని కాలేజీలనూ కలిపి చూస్తే అదే 1,07,000. అంటే వెనకబడ్డట్టే. నలభయ్యేళ్ళకు చూస్తే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలది 9,18,000 డాలర్లు, అన్ని కాలేజీల మధ్యస్థం కన్నా పాతిక శాతం పైగా ఎక్కువ. ఇంజనీరింగ్ కాలేజీల స్థాయికి వచ్చేసింది. కారణాల్లో ఒకటి, ఈ కాలేజీల నుంచి చాలామంది మెడిసిన్‌కో, లా కో, పీహెచ్‌డీకో వెళ్తారు. ఇరవైల్లో సంపాదన ఉండదు, ముప్ఫైల్లో మొదలవుతుంది. డబ్బున్న ఇంట్లో పుట్టిన పిల్లలు ఈ కాలేజీల్లో ఎక్కువ కాబట్టి నలభయ్యేళ్ళ అంకెలో ఇంటి వాటా కూడా కొంత ఉంటుందని మర్చిపోకూడదు. చదువుకోసం అప్పు చేసి వెళ్ళే తెలుగు కుటుంబానికి మాత్రం నలభయ్యేళ్ళ అంకె కన్నా పదేళ్ళ అంకె ముఖ్యం. ఈఎంఐలు మొదటి పదేళ్ళలోనే కట్టాలి.

కాలేజీ పదేళ్ళు నిలుస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. శాశ్వత నిధి లేని చిన్న కాలేజీలు అమెరికాలో మూతపడుతున్నాయి. వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ 2019లో, అలబామాలో బర్మింగ్‌హామ్-సదరన్, న్యూయార్క్‌లో వెల్స్ 2024లో మూసేశారు. మూడో ఏడాదిలో కాలేజీ మూతపడితే ఆ విద్యార్థి విజయం ఏ లెక్కలోనూ మిగలదు.

మన దగ్గర

మన దేశంలో లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో నడిచే అశోకా యూనివర్సిటీ 2014లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైంది. అదే పద్ధతిలో నడిచే, ఆంధ్రప్రదేశ్ శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో 2019లో మొదటి డిగ్రీ బ్యాచ్ చేరింది. వీటి నుంచి బయటికొచ్చిన వాళ్ళు ఇంకా ఇరవైల్లో, ముప్ఫైల మొదట్లో ఉన్నారు. నలభయ్యేళ్ళ లెక్క ఎవరూ చూపించలేరు. మొదటి ఉద్యోగం ప్యాకేజీని చూసి వీటిని తేల్చెయ్యడం తొందరపాటు, భవిష్యత్తు నాయకులు అన్న ప్రచారాన్ని చూసి నమ్మెయ్యడం కూడా అంతే తొందరపాటు.

అయితే మన దగ్గర చాలామంది వాడుకోని ఒక మంచి ఆధారం ఉంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ కోసం దరఖాస్తు చేసే ప్రతి సంస్థా తను పంపిన వివరాల పీడీఎఫ్‌ను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ప్లేస్‌మెంట్, హయ్యర్ స్టడీస్ అన్న పట్టిక చూడండి. ఒక ఏడాది ఎంతమంది చేరారు, వాళ్ళలో నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్ళారు అని వరసగా ఉంటాయి. ప్రకటనలో కనిపించే టాప్ ప్యాకేజీ అందులో ఉండదు. మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చిన వాళ్ళది మాత్రమేనని గుర్తుపెట్టుకొని, చేరిన వాళ్ళ సంఖ్యలోంచి ఉద్యోగం వచ్చిన వాళ్ళనూ, పై చదువులకు వెళ్ళిన వాళ్ళనూ తీసేస్తే మిగిలేది ఎంతో ఒక కాగితం మీద వెయ్యండి. మూడేళ్ళ పట్టికలు ఉంటాయి కాబట్టి మూడూ వెయ్యండి.

తర్వాత క్యాంపస్‌కు వెళ్ళినప్పుడు అడ్మిషన్స్ ఆఫీసులో కూర్చున్నంత సేపు మెస్‌లోనూ కూర్చోండి. అక్కడ కాలేజీ చూపించే స్టూడెంట్ అంబాసిడర్‌ను కాకుండా, పక్క టేబుల్ మీద ఒంటరిగా తింటున్న మూడో ఏడాది విద్యార్థిని అడగండి, నీకు రికమెండేషన్ లెటర్ రాయగల ప్రొఫెసర్లు ఎందరున్నారమ్మా అని. ఫీజు కష్టమై మధ్యలో మానేసిన వాళ్ళు నీ బ్యాచ్‌లో ఉన్నారా, అప్పుడు కాలేజీ ఏం చేసింది అని.